ఒంటిముడి కోట

ఒరే కిట్టూ, నమ్మవని తెలిసే చెప్తున్నా. దమ్ముంటే చివరిదాకా విను. విన్నాక కూడా నవ్వగలిగితే ఈసారి వచ్చినప్పుడు బోటు టికెట్టూ, పార్కు గేటు దగ్గర రొయ్యల పకోడీ రెండూ నా ఖాతా. మొన్న ఆదివారం కోట ముందర ఇంజిను ఆపేసి మా పెదనాన్న నీళ్లలోకి తాడు వదిలితే, బోట్లో ఉన్నోళ్లంతా కిక్కురుమనకుండా దాని మీద చెయ్యేశారు కదా. నువ్వొక్కడివే 'అంకుల్, కింద ముడి గట్టిగానే ఉందా' అన్నావు. వెనకాల కూర్చున్న మామ్మ నీ నెత్తి మీద ఒక్కటిచ్చింది. ఎందుకిచ్చిందో నీకెవరూ చెప్పలేదు, అక్కడి బోర్డు మీదా లేదు. బోర్డు మీద 'జలదుర్గం, ఉమ్మివేయరాదు' అనే ఉంటది. అసలు సంగతి ఇది.

పూర్వం ఈ హార్బరూ లేదు, పార్కూ లేదు, నువ్వు సెల్ఫీ దిగిన ఫిరంగీ లేదు. మా గెడ్డరేవంటే అప్పట్లో గెడ్డ, అంటే మా ఊరి ఏరు, వచ్చి సముద్రంలో కలిసే చోట కాసిని తాటాకు పాకలు, వాటి ముందు ఆరబెట్టిన వలలు, అంతే. ఎదురుగా నీళ్లలో ఆ రాతి దిబ్బ. దిబ్బ నెత్తి మీద ఒక నల్ల రాయి ఉండేది. ఇద్దరు ముగ్గురు మగాళ్లు పట్టుకుంటే గానీ లేవని రాయి, మధ్యలో గుండ్రంగా బొక్క. ఎవరు తెచ్చారో, ఎప్పుడు పెట్టారో ఊళ్లో ముసలోళ్లకి కూడా తెలీదు. పసుపు రాసి బొట్టు పెట్టి 'అమ్మ' అనేవోళ్లు. వేరే పేరు లేదు, గుడి లేదు, పూజారి లేడు. చేపల వేటకి పోయేటప్పుడు దిబ్బ కాడ పడవ ఆపి, చేపల వాసనేసే తడి చేత్తో ఆ రాయిని ఒకసారి తాకిపోవడమే పూజ. పిల్లకి జొరం వచ్చినా అదే, మొగుడు అలిగినా అదే.

అట్టాంటి చోట కొండ మీద రాజుకి కోట కట్టాలని బుద్ధి పుట్టింది. దూరదేశం నుంచి వచ్చే ఓడల దగ్గర సుంకం వసూలు చెయ్యాలంటే నీళ్ల మధ్యలో కోట ఉండాలన్నాడంట. కట్టడానికీ, కట్టాక కాపలా ఉండడానికీ దామోదర పాత్రుడు అనే ఆయన్ని ఖిల్లేదారుగా పంపాడు. పాత్రుడు చెడ్డోడేం కాదు. కాకపోతే మెట్ట ఊరి మనిషి, ఆవులూ ఎడ్లూ మధ్య పెరిగినోడు, సముద్రాన్ని చూస్తే కడుపులో తిప్పేది. ఆయనతో వచ్చిన సైనికులకీ అంతే, ఒక్కడికీ ఈత రాదు.

గోడలు లేస్తుంటే అమ్మ రాయి సరిగ్గా వాకిలికి అడ్డం వచ్చింది. పాత్రుడు దాన్ని తీసి అవతల పారెయ్యలేదు, అది ఒప్పుకోవాలి. బాజాలు పెట్టి, కోట లోపల చిన్న గుడి కట్టించి, అమ్మని అందులో కూర్చోబెట్టి, కూర్మాచార్యులు అనే పూజారిని పిలిపించి, టేకు తలుపు పెట్టి, దానికో తాళం వేయించాడు. గౌరవమనుకునే చేశాడు. అయితే ఆ రోజు నుంచి అమ్మని తాకే వీల్లేదు. స్నానం చేసి రావాలి, చేపల బుట్ట బయట పెట్టాలి, గడప ఇవతలే నిలబడి దణ్ణం పెట్టాలి. మా వాళ్లు రెండు మూడు సార్లు ఎళ్లి నిలబడి చూసి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక తిరిగొచ్చేశారు. తర్వాత ఎళ్లడమే మానేశారు.

ఇక్కడ నుంచి కథ అసిరిది. అసిరి అంటే ఆ కోటకి రోజూ మంచినీళ్లు మోసిన మనిషి. దిబ్బ మీద ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే కదా, గెడ్డ ఎగువన కడవలు నింపుకుని పాత పడవలో వేసుకుని కోటకి చేర్చేది. ఆ పడవకి ఎన్ని మాట్లు వేశారంటే అసలు చెక్క ఎక్కడో ఎతుక్కోవాలి. మనిషి పొట్టి, నోరు పొడుగు. కోట మెట్ల మీద కాపలావాళ్లు ఆమెని 'ఏం అసిరీ, ఇయ్యాల నీళ్లలో నీళ్లెన్ని కలిపావు' అని ఏడిపించేవోళ్లు, ఆమె 'మీ మీసాలు తడవడానికి సరిపోయినన్ని' అనేది. మొగుడి పేరు తవుడు. మంచి పడవగాడు, నెమ్మదస్తుడు. వాళ్లిద్దరికీ పెళ్లయి ఎంతోకాలం కాలేదు.

ఎండాకాలం గడిచేసరికి కోటలో సైనికులకి విసుగొచ్చింది. ఎటు చూసినా నీళ్లు, తిండికి చేపలు, రాత్రంతా హోరు. ఒకరిద్దరు ఊరోళ్ల పడవల్లో ఎక్కి పారిపోయారు. పాత్రుడు ఆలోచించి ఒక పని చేశాడు. ఊళ్లో ఉన్న మంచి పడవలన్నిటినీ, నడిపేవాళ్లతో సహా, కోటకి తెప్పించేశాడు. మెట్ల పక్కన గోడలో ఇనప కడియం ఉంది చూడు, నువ్వు వేలాడబోతే వాచ్‌మేన్ తిట్టాడే, దానికి ఒకే గొలుసుతో పడవలన్నిటినీ వరసగా కట్టించి, తాళం వేసి, చెవి మొలకి కట్టుకున్నాడు. కట్టడం ఎలా కట్టాడంటే, పాకలో గేదెని కట్టినట్టు, ముక్కు గోడకి ఆనేలా, కురచగా. మెట్ట మనిషికి తాడు కురచగా ఉంటేనే ధీమా. నీళ్లలో పడవని అలా కట్టకూడదనీ, పోటొచ్చినప్పుడు లేచేంత వదులు దానికుండాలనీ తవుడు మెల్లగా చెప్పి చూశాడంట. వదులిస్తే పారిపోతారని పాత్రుడు అన్నాడు. అసిరి పడవ మాత్రం ఎందుకూ పనికిరాదని వదిలేశారు, నీళ్లు తేవాలి కూడా కదా.

అట్టా తవుడు కోటలో, అసిరి ఒడ్డున. రోజూ కడవలు దించేటప్పుడు మెట్ల మీద ఒకరి మొహం ఒకరు చూసుకోడమే. ఆమె నవ్వించడానికేదో ఒకటి అనేది, అతను తలొంచుకుని నవ్వేవోడు. అంతకుమించి నిలబడనిచ్చేవోళ్లు కాదు.

కార్తీకం వచ్చింది. ఒక పొద్దున్న గాలి లేకుండానే సముద్రం ఉబ్బింది. అలలు విరగడం లేదు, ఊరికే ఎత్తుగా లేచి దిగుతున్నాయి. పీతలు ఇసక దాటుకుని పాకల్లోకి వచ్చేస్తున్నాయి. తూరుపు పక్క ఆకాశం రాగి చెంబు తోమకుండా వదిలేసిన రంగులో ఉంది. ఊళ్లో ముసలోళ్లు అది చూసి వలలు చుట్టేసి, పిల్లల్ని ఎత్తుకుని మిట్ట మీదకి నడక మొదలెట్టారు. ఉప్పెన వస్తోందని ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేదు. అసిరి ఒక్కతే ఎదురు దిక్కుకి, పడవ దగ్గరికి నడిచింది. తవుడు అక్కడున్నాడు కదా.

ఆమె పోతుందని అత్త పైడమ్మకి ముందే తెలుసు. పైడమ్మ పోయి పడవ లంగరు రాయి మీద కూర్చుంది. లంగరంటే అప్పట్లో ఇనపది కాదు, తాడు కట్టిన రాయే. నా కొడుకు ఎలాగూ అక్కడ చిక్కుకున్నాడు, కోడలు కూడా పోతే నేనెవరితో దెబ్బలాడాలి, లేవను, అంది. అసిరి బతిమాలింది, తిట్టింది, లాగింది. ముసిల్ది కదల్లేదు. నీళ్లు పాదాల మీదకి వచ్చేస్తున్నాయి. అసిరికి ఒళ్లు మండి, నడుముకున్న చేపల కత్తి తీసి లంగరు తాడు పరపరా కోసేసి, తాడు పడవలోకి విసిరి, తెడ్డేసుకుని ఎళ్లిపోయింది. సముద్రం మనుషులు లంగరు ఒడ్డున వదిలేసి పడవెక్కరు. ఆమె బుర్రలో తవుడు తప్ప ఇంకేం లేదు.

కోటకి చేరేసరికి గాలి మొదలైంది. అసిరి ఎప్పుడూ చేసినట్టే పడవని తిప్పి, వెనక భాగం మెట్ల వైపు పెట్టి, ఈసారి తెడ్డుతోనే ఆపింది. పాత్రుడే దిగొచ్చాడు. పడవల తాళం తియ్యమనీ, అందర్నీ ఎక్కించి ఒడ్డుకి తీసుకుపోదామనీ, ఇంక ఎంతోసేపు లేదనీ అసిరి చెప్పింది. ఆయన నమ్మలేదు. నమ్మకపోవడానికి ఆయన కారణాలు ఆయనకున్నాయి. పడవలు విడిపించుకోడానికి ఊరోళ్లు ఆడుతున్న నాటకం కావచ్చు. పైగా రాజు ఆజ్ఞ లేకుండా కోట వదిలిన ఖిల్లేదారుకి తల ఉండదు. ఇంత మందం గోడలున్నాయి, లోపల కూర్చుంటే గాలి ఏం చేస్తుంది అన్నాడు.

అసిరి ఆ గోడ వైపు చూసి ఒకటే మాట అంది. "బాబూ, గోడ గాలిని ఆపుతాది. నీళ్లని లోపల ఉంచుతాది."

పాత్రుడికి ఆ మాట అర్థమయ్యే లోపే చూడాల్సింది కళ్లెదురుగా జరిగింది. పోటు లేచింది. గొలుసుకి కట్టిన పడవలు నీళ్లతోపాటు లేవాలి కదా, గొలుసు కురచ. ముక్కులు గోడకి అతుక్కుని ఉండిపోయాయి, వెనక భాగాలు పైకి లేచాయి, ముక్కుల మీంచి నీళ్లు లోపలికి పోయాయి. పాత్రుడు మొలలో చెవి లాగి, మోకాళ్ల లోతు నీళ్లలో దిగి, తాళంలో పెట్టి తిప్పాడు. ఉప్పుగాలికి లోపల తుప్పు పట్టి తాళం బిగుసుకుపోయింది. రెండు చేతుల్తో తిప్పాడు, చెవి వంగింది. ఒక్కో పడవా గేదె నీళ్లు తాగడానికి తల వంచినట్టు వంగి, అలాగే మునిగింది. పడవలు నడిపేవాళ్లు మెట్ల మీద నిలబడి చూస్తున్నారు. వాళ్ల తాతల నాటి పడవలు.

మిగిలింది అసిరి పడవ. ఆ మాట్ల పడవ.

అయితే దాన్ని మెట్ల దగ్గర ఆపి ఉంచాలంటే ముందు వైపు ఏదో ఒకటి లాగి పట్టాలి. లేకపోతే ఒక్క అలకి మెట్ల మీద పడి ముక్కలైపోతుంది. ముందు వైపు లాగేది లంగరు. లంగరు ఒడ్డున అత్త కింద ఉంది. తవుడు పడవలోకి తొంగి చూసి, రాయి ఎక్కడే అని అడిగాడు. మీ అమ్మ కూచుంది దాని మీద, అంది అసిరి. కోట గోడలో రాళ్లున్నాయి, కానీ సున్నంలో పాతుకుపోయి ఉన్నాయి. ఫిరంగి గుండ్లున్నాయి, తాడు నిలవదు. తాడు కట్టడానికి ఒక బొక్క ఉన్న రాయి ఆ దిబ్బ మొత్తం మీద ఒకటే.

అది అసిరికి తట్టింది. అమ్మని తీసుకెళ్లి సముద్రంలో పడెయ్యడం. ఆమె పడవని మెట్ల మీదున్న మా వాళ్లకి పట్టమని ఇచ్చి, పైకెక్కి గుడి ముందుకెళ్లి నిలబడింది. పూజారి కూర్మాచార్యులు గారికి సంగతి అర్థమై తలుపుకి అడ్డంగా చేతులు చాపాడు. ఇది దేవత, లంగరు కాదు, కళ్లు పోతాయి అన్నాడు. అసిరికి ఆ మాటకి ఎదురు చెప్పే తెలివేం లేదు. నిజంగానే కళ్లు పోతాయేమోనని ఆమెకీ భయమే. ఆమె అడిగింది మాత్రం పూజారిని కాదు, లోపల ఉన్న అమ్మని.

"అమ్మా, నీ మీద చెయ్యేసి చానా దినాలైంది. నా చెయ్యి కంపు కొడతాదే. ఓర్చుకో."

పాత్రుడు గుడి తలుపు తాళం చూశాడు. దాని చెవి కూడా ఆయన మొలలోనే ఉంది. రోజూ నూనె పెట్టి తుడుస్తారు కాబట్టి అది ఒక్క తిప్పుకి వచ్చేసింది. ఆయన కూర్మాచార్యుల చేతులు మెల్లగా దించి, పాపం ఏదైనా ఉంటే నా ఖాతాలో రాయించు స్వామీ అన్నాడు.

ఇద్దరు సైనికులూ తవుడూ కలిసి అమ్మని మెట్ల దాకా మోశారు. అసిరి వంగి తాడు కొస బొక్కలోంచి దూర్చింది. తాడు కొబ్బరి పీచుది, పాతది, బొటనవేలంత లావు. రాయికి తాడు కట్టేటప్పుడు రెండు చుట్లు చుట్టి, కొసని వెనక్కి దోపి, పైన ఇంకో ముడి వెయ్యాలి. చిన్నప్పట్నుంచీ కళ్లు మూసుకుని వేసే ముడే. ఆమె ఒక చుట్టు వేసింది. అప్పుడే పెద్ద అల వచ్చి మెట్ల మీద అందర్నీ తడిపేసింది. పాత్రుడు, ముడి అయిపోయిందనుకుని, అమ్మకి దణ్ణం పెట్టి, రెండు చేతుల్తో రాయిని నీళ్లలోకి తోసేశాడు.

తాడు బుసబుసమని పోయింది. అసిరి నోరు తెరిచింది. తెరిచిన నోరు మూసుకుంది. ఒంటి ముడి. కొస దోపలేదు. ఆమె ఒక్కతే చూసింది.

తాడు బిగిసింది, పడవ ముక్కు సముద్రం వైపు నిలిచింది, వెనక భాగం మెట్లకి దగ్గరగా వచ్చి ఆగింది. ఎక్కండి, అన్నాడు తవుడు. పిల్లలున్న ఇద్దరు వంటవాళ్లు, సైనికులు, సున్నం కాల్చేవాళ్లు, పడవలు పోయిన మా వాళ్లు, ఒక్కొక్కళ్లే ఎక్కారు. కూర్మాచార్యులు గారిని ఇద్దరు ఎత్తి కూర్చోబెట్టారు. ఆఖరికి పాత్రుడు ఎక్కాడు. కళ్లు మూసుకుని ఎక్కాడంట. పడవ అంచు నీళ్లకి జానెడు దూరంలో ఉంది.

ఒడ్డుకి పోదామంటే అయ్యే పని కాదు. గెడ్డ పొంగి ఎదురు కొడుతోంది, అది సముద్రంలో కలిసే మొగ దగ్గర అలల గోడ లేచింది. అంత బరువుతో అటు పోతే తిరగబడడమే. ఇంక చెయ్యగలిగింది ఒకటే. కోట చాటున, ఆ తాడు మీదే ఉండి, ఉప్పెన వెళ్లేదాకా ఓర్చుకోవడం. తవుడు అదే చెప్పాడు. అసిరి తలూపింది.

గాలి ముదిరింది. ఒక అలకి పడవ ఎగిరి పడింది, తాడు కట్టిన కొయ్య గూటం చెక్కలోంచి ఊడి వచ్చేసింది. తాడు జారిపోతుంటే తవుడు రెండు చేతుల్తో పట్టాడు, అరచేతులు చీరుకుపోయాయి. వెనక ఉన్నోడు పట్టాడు. వాడి వెనకోడు పట్టాడు. అసిరి పడవ మధ్యలో నిలబడి అందరికీ వినపడేలా చెప్పింది.

"తాడట్టుకోండి. అల లేచినప్పుడు కొంచెం వదలండి, దిగినప్పుడు లాగండి. ఒక్కరు కూడా చెయ్యి తియ్యొద్దు."

అందరూ పట్టారు. సైనికుడి చెయ్యి పక్కన సున్నం కాల్చేవాడి చెయ్యి, దాని పక్కన కూర్మాచార్యులు గారి చెయ్యి, ఆయన చేతి మీద చేపల వాసనేసే అసిరి చెయ్యి. మడి ఏమైందని ఎవరూ అడగలేదు. పొద్దంతా అలాగే. అల లేస్తే వదులు, దిగితే బిగువు. తాడు నీళ్లలోకి దిగిన చోటే చూస్తూ ఉంది అసిరి. ఆమెకొక్కదానికే తెలుసు కింద ఏముందో, ఏం లేదో. మధ్యాహ్నం దాటాక ఒకసారి తాడు ఆమె చేతుల్లో సన్నగా వణికి, ఏదో జారినట్టు మెత్తగా కదిలింది. ముడి ఎళ్లిపోయిందనుకుంది. తల తిప్పి తవుడిని చూసింది. తవుడు కళ్లు మూసుకుని తాడు పట్టుకుని ఉన్నాడు. ఎవరికీ ఏం తెలీలేదు. ఆమె నోట్లోకి వచ్చిన మాటని మింగేసి, ఇంకా గట్టిగా పట్టుకుంది. పడవ మాత్రం జరగలేదు.

అప్పుడే కోట తూర్పు గోడ కూలింది. నువ్వు ఫోటో తీసుకున్న ఆ పెద్ద కంత అదే. సముద్రం కోటలోకి ఒక పక్క నుంచి పోయి, ఇంకో పక్క వాకిలి గుండా బయటికొచ్చింది. లోపల ఎవరైనా ఉండుంటే ఏమయ్యేదో చూసి పాత్రుడు తాడు మీద తల ఆనించాడు. కానీ చెయ్యి తియ్యలేదు.

సాయంత్రానికి గాలి దిక్కు మార్చుకుని సన్నగిల్లింది. నీళ్లు దిగడం మొదలైంది. ఇంక లంగరు ఎత్తి ఒడ్డుకి పోదాం, అమ్మని లాగుదాం, బరువుంటుంది, అందరూ ఒకేసారి లాగండి అన్నాడు తవుడు. అందరూ కాళ్లు తన్నిపెట్టి ఒక్కసారి లాగారు. లాగినోళ్లంతా వెల్లకిలా పడ్డారు. తాడు ఊరికే వచ్చేసింది. కొసన ఏం లేదు. ముడి ఊడిపోయి, కొస నున్నగా తిన్నగా ఉంది.

ఎప్పుడు ఊడింది? ఇప్పుడు లాగినప్పుడా, ఇందాకనా, పొద్దున్నా? కూర్మాచార్యులు గారు ఆ కొసని చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. మరి అంతసేపు మనం దేన్ని పట్టుకుని ఉన్నట్టు అని ఎవరో సైనికుడు అన్నాడు. అసిరి అప్పుడు చెప్పింది. ముడి సగమే వేశాననీ, రాయి నీళ్లలో పడ్డప్పుడే తెలుసనీ, మధ్యాహ్నం చేతికి తెలిసిందనీ. పాత్రుడికి గుర్తొచ్చింది, తోసింది తనే. ముడి నిలవదని తెలిసీ ఒక్క మాట కూడా ఎందుకు చెప్పలేదు అని అడిగాడు.

అసిరి ఆయన చేతుల వైపు చూసింది. అవి ఇంకా తాడు మీదే ఉన్నాయి.

"సెప్తే వదిలేద్దురు కదా బాబూ."

అంతే. పడవ ముక్కు ఒడ్డు వైపు తిప్పారు.

మర్నాడు ఆటు వచ్చి నీళ్లు తీసినప్పుడు చూస్తే, పడవ నిలబడ్డ చోటే, నీళ్లలోంచి అమ్మ తల కొంచెం బయటికి కనిపించింది. ఎత్తబోయారు. మోసి తెచ్చిన ఆ ముగ్గురే దిగి పట్టారు, కదల్లేదు. ఊరు మొత్తం దిగినా కదల్లేదు. ఇంక ఆమెకి అక్కడే బాగుందని వదిలేశారు. కూర్మాచార్యులు గారు మళ్లీ గుడి తలుపు పెట్టించలేదు. అందుకే కోట లోపల ఆ చిన్న గుడికి ద్వారబంధం ఉంటది గానీ తలుపుండదు, లోపల పీఠం ఉంటది గానీ దేవత ఉండదు. టూరిస్టులు విగ్రహం ఎవరో ఎత్తుకుపోయారనుకుంటారు. పాత్రుడిని రాజు పిలిపించి కోట వదిలి ఎందుకు దిగావని నిలదీస్తే, వదల్లేదు మహారాజా, పొద్దంతా దాని తాడు పట్టుకునే ఉన్నాను అన్నాడంట. రాజు ఆయన తల ఉండనిచ్చాడు. కోట మళ్లీ కట్టలేదు. పడవలు పోయిన వాళ్లందరికీ పాత్రుడు తన ఊరి చెట్లు కొట్టించి కొత్త పడవలు చేయించాడు, వాటిని ఎలా కట్టాలో తవుడు దగ్గర నేర్చుకున్నాడు. పైడమ్మ మిట్ట మీద లంగరు రాయిని పక్కన పెట్టుకుని కూర్చుని ఉందంట. కోడలు కనపడగానే, తాడు కోశావుగా, ఇప్పుడు కొత్త తాడు నువ్వే పేనాలి, అందంట.

అప్పట్నుంచీ అమ్మకి పేరొచ్చింది, ఒంటిముడమ్మ. కోటకి బోర్డు మీద ఏ పేరున్నా మాకు ఒంటిముడి కోటే. వేట నిషేధం అయిపోయాక మొదటిసారి సముద్రంలోకి పోయే ప్రతి బోటూ, పార్కు నుంచి జనాన్ని తీసుకెళ్లే ప్రతి బోటూ అక్కడ ఇంజిను ఆపి, కొబ్బరి తాడు కొసకి ఒక చిన్న రాయి కట్టి, నీళ్లలో ఉన్న అమ్మ పక్కన వదులుతుంది. ఒక్క చుట్టే చుట్టాలి. కొస దోపకూడదు. బోట్లో ఉన్నోళ్లందరూ, ఎవరైనా సరే, ఏ చేత్తోనైనా సరే, తాడు మీద చెయ్యెయ్యాలి. ఒక అల లేచి దిగేదాకా ఉంచాలి. ముడి ఉందా అని మాత్రం అడక్కూడదు. ఉందో లేదో తాడు వేసినోడికి తెలుసు, వాడు చెప్పకూడదు. నువ్వు అడిగావు. అందుకే మామ్మ కొట్టింది.

ఇప్పుడు నవ్వు చూద్దాం. నవ్వు రావట్లేదు కదా. ఇంకోటి కూడా చెప్తా విను. మొన్న మీ బోట్లో ఆ ముడి వేసింది పెదనాన్న కాదు, నేనే. పైకి లాగినప్పుడు నువ్వు ఫోన్ చూసుకుంటున్నావు, కొస చూసింది నేనొక్కడినే. తాడు నీళ్లలో ఉన్నప్పుడు, సరిగ్గా నువ్వు అడిగిన టైముకి, నా చేతికి సన్నగా

ఆగు, పెదనాన్న జెట్టీ కాడ్నుంచి కేకేస్తున్నాడు, జనం ఎక్కేశారంట, తాడట్టుకోడానికి రమ్మంటున్నాడు. పోతున్నా